దారాలు కత్తిరించే కాడ అలంకారాలు చెప్పిన మా వీరేశం సారు

అవు అక్షితా, అది ఉపమాలంకారమే. "ఆమె నవ్వు మల్లెపువ్వు వలె ఉన్నది" అని మీ పుస్తకంల ఇచ్చిండ్రు కద. నవ్వు ఉపమేయం, మల్లెపువ్వు ఉపమానం, తెలుపు సమాన ధర్మం, 'వలె' అనేది ఉపమావాచకం. పరీక్షల గంతే రాయి, మార్కులు ఏస్తరు. "గివన్ని నీకెట్ల ఎరుక అమ్మమ్మా, నువ్వు బడికే పోలేదంటవు కద" అని నువ్వు నవ్వుకుంట అడిగినవు చూడు, దానికి ఆ రోజు నేను జవాబు చెప్పలే. పొయ్యి మీద పాలున్నయని ఫోను పెట్టేసిన. పాలు లేవు బిడ్డా, ఏం లేవు. ఆ పొద్దుగాలనే కబురొచ్చింది. నాకు గివన్ని నేర్పిన వీరేశం సారు దవాఖానల పోయిండని.

ఇయ్యాల నీకు, తమ్మునికి కూసుండి చెప్తున్న. నాది చిన్న గొంతు, ఫోను సౌండు పెంచుకోండ్రి. నడుమల నేను ఊకుంటే లైను కట్టయిందనుకోకుండ్రి.

కబురు చెప్పింది మన గల్లి లచ్చవ్వ. ఎన్నడు గొంతు తగ్గించి మాట్లాడని మనిషి. ఆమె ఫోన్ల మాట్లాడితే ఫోనే అక్కెర లేదు, గల్లి అంత వినవడ్తది. గసొంటిది ఆ రోజు "రాజవ్వా" అని పిలిచి ఊకున్నది. ఇగ ఏం చెప్పలే. నాకు సమజయింది. పట్టుకున్న గంటె పట్టుకున్నట్టే నిలవడ్డ. మీ అత్తమ్మ, నా కోడలు, వచ్చి చూసింది. ఆమె ఈ సూరత్‌లనే పుట్టి పెరిగిన పిల్ల, సగం తెలుగు, సగం హిందీ. "క్యా హువా అత్తమ్మా, ఎవరు పోయిండ్రు?" అన్నది. "సారు" అన్న. "ఓ, ఆ టీచర్ అంకులా?" అన్నది. అందుల ఆమె తప్పేం లేదు. ఆమెకు ఆయన ఎదురింటి ముసలాయన, గంతే. గని ఆ మాట విన్నంక, ఏం పోయిందో ఎరుకైన మనిషి ఈ ఇంట్ల నేను ఒక్కదాన్నే అని నాకు తెలిసింది.

మన తెలుగు సమాజపోళ్ల ఫోను గ్రూపుల అందరు రాసిండ్రు. నేను కూడబలుక్కొని చదివిన. జ్ఞానజ్యోతి ఆరిపోయిందని ఒకరు, విద్యాశిఖరం ఒరిగిందని ఒకరు, సరస్వతీ పుత్రుడు దివికేగిండని ఒకరు. పాపం, ప్రేమతోనే రాసిండ్రు. కాని సారు ఉంటే కండ్లద్దాలు నెత్తి మీదికి జరిపి, "చిందీ! అంత చిందీ!" అనేటోడు. చిందీ అంటే మార్కెట్ల బట్ట కోసినంక పారేసే పేలికలు. వందల మంది వాడి వాడి పీలికలైన పోలికకు సారు పెట్టిన పేరు అది. "వేరేటోళ్లు తొడిగి ఇడిసింది నాకెందుకమ్మా, కొత్త తాకా ఇప్పు" అనేటోడు. తాకా అంటే మగ్గం మీదికెల్లి అప్పుడే దిగిన బట్ట చుట్ట. అందుకే నేను ఆయన గురించి చెప్తుంటే జ్యోతి, శిఖరం రావు. నాకు చేతనైనట్టు చెప్త.

సారుది సిరిసిల్ల దిక్కు. మన లెక్కనే నేతపని చేసే సాలోళ్ల ఇంటి బిడ్డ. ఈ సూరత్‌ల సాంచెల పనికి, అంటే కరెంటు మగ్గాల పనికి, మనోళ్లు ఊర్లకు ఊర్లు వచ్చినప్పుడు పిల్లలకు తెలుగు బడులు పెట్టిండ్రు. అండ్ల సారు తెలుగు చెప్పిండు. మీ అమ్మ, మీ మామయ్య ఆయన కాడ్నే చదివిండ్రు. అటెన్క అందరు పిల్లలను గుజరాతీ బడికి, ఇంగ్లీషు బడికి పంపవట్టిరి. సారు క్లాసు పల్చగయ్యింది. ఆఖరుకు సారు రిటైరయిండు. భార్య అప్పటికే కాలం చేసింది. ఒక్కతే బిడ్డ సునీత, ఆమెను మహారాష్ట్ర భీవండికి ఇచ్చిండ్రు. మా ఇంటి ఎదురుంగ ఒక్క అర్ర కిరాయికి తీసుకొని సారు ఉండిపోయిండు. బిడ్డ రమ్మని ఎన్నిసార్లు పిలిచిందో. పోతే బతికి ఉండునేమో. ఎందుకు పోలేదనేది నా మనసుల ముల్లు లెక్క... ఆగు, 'ముల్లు లెక్క' కూడ చిందీనే. మనసుల ఉన్నది, గంతే.

బడి మల్ల ఎట్ల మొదలయ్యిందో చెప్త. మేము ముగ్గురం, నేను, లచ్చవ్వ, పక్కింటి కమల, మధ్యాన్నం పని ఒడ్సినంక మా ఓట్ల మీద కూసుంటుంటిమి. ఓట్ల అంటే ఇంటి ముందటి అరుగు. రింగ్ రోడ్ మార్కెట్‌ల నుంచెల్లి టెంపో ఆయన చీరెల మూటలు తెచ్చి ఏసేటోడు. చీరె ఎనక దిక్కు డిజైన్ దారాలు జులపాల లెక్క ఏలాడుతుంటయి, వాటిని చిన్న కత్తెరతోని సాఫ్ చేసి ఇయ్యాలె. ఆ రోజు పెండ్లిండ్ల సీజన్. టెంపో ఆయన పెద్ద మూట దించి, పొద్దుమీకి వరకు కావాలె అన్నడు. లచ్చవ్వకు కోపమొచ్చి లేసి నిలవడ్డది. "అరే భయ్యా, పహాడ్ జిత్నా పోట్లా, ఔర్ టైమ్ రాయీ జిత్నా!" అని ఒర్రింది. మూట కొండంత, టైము ఆవగింజంత అని. ఎదురుంగ కుర్చీల కునుకు తీస్తున్న సారు ఎగిరి లేసిండు. "అతిశయోక్తి! హిందీల చెప్పినా అతిశయోక్తి అతిశయోక్తే!" అని చప్పట్లు కొట్టిండు. లచ్చవ్వ బుగులు వడ్డది. "నేను తిట్టలే సారూ, మార్కండేయుని మీద ఒట్టు! రాజవ్వా, ఏమన్నడే నన్ను? ఏమన్నడు?" అని నా భుజం గుంజింది. టెంపో ఆయన మూట ఆడ్నే ఇడిసి పారిపోయిండు.

సారు కుర్చీ గుంజుకొని మా ఓట్ల కాడికి వచ్చిండు. ఉన్నదాన్ని ఉన్న కొలత దాటించి చెప్తే అతిశయోక్తి అంటరని చెప్పిండు. లచ్చవ్వ అంత విని, "అంటే నేను మాట్లాడేదానికి పేరున్నదా?" అన్నది. "ఉన్నదమ్మా. నువ్వు పుట్టకముందు నుంచెల్లి ఉన్నది" అన్నడు. ఇగ చూడు, లచ్చవ్వ ఆ పేరును మెడల పుస్తెలతాడు ఏసుకున్నట్టు ఏసుకున్నది. ఎవరన్న "గంత ఎక్కువ చేసి చెప్పకు" అంటే, "అది నా అలంకారం, నీకేం నొప్పి?" అనేది.

తెల్లారి నుంచెల్లి రోజు అంతే. మా చేతులు దారాలు కత్తిరిస్తుండె, నోర్లు మాట్లాడుతుండె. సారు ఒక్కటే షరతు పెట్టిండు. రోజు ఒక వస్తువు పేరు ఇస్తడు. దాని గురించి అందరు ఒక మాట చెప్పాలె, అది చిందీ కావద్దు. మేం చెప్పినదానికి ఆయన పేరు చెప్తడు. "పుస్తకంల పేర్లున్నయి, మీ నోట్ల మాటలున్నయి. రెండిటికి పెండ్లి చేస్తున్న, పంతులు దక్షిణ కింద ఒక చాయ్ పొయ్యుండ్రి" అనేటోడు.

నీకు ఇప్పుడు నాలుగు ముక్కలు గుర్తుంటలేవంటవు కద, ఉపమేయం, ఉపమానం అని. నాకు అవి ఒక్క చీరె మీద నేర్పిండు. మూట మీద ఒక నమూనా ముక్క కట్టి ఉంటది, దానితోని రంగు సరి చూసుకోవాలె. సారు చీరె చూపెట్టి, "చేతుల ఉన్నది ఉపమేయం. ఏ నమూనాతోని సరి చూస్తున్నవో అది ఉపమానం. రెండిట్ల కలిసిన ఈ మామిడిపండు రంగు ఉన్నది చూడు, అది సమాన ధర్మం" అన్నడు. "మరి నాలుగోది?" అన్న. "'దీని లెక్క ఉన్నది' అన్నవు చూడు, ఆ 'లెక్క' ఉపమావాచకం. పుస్తకపోళ్లు 'వలె' అంటరు. మన 'లెక్క' ఏం తక్కువది కాదు" అన్నడు. అటెన్క నా చేతుల కత్తెర తీసుకొని ఒక దారం కత్తిరిచ్చి, "నా కొడుకు బంగారం లెక్క అంటే ఉపమ. ఆ 'లెక్క' అనే దారం కత్తిరియ్యి. నా కొడుకు బంగారం. ఇప్పుడు ఎడం లేదు, కొడుకు బంగారం ఒక్కటే అయిండ్రు. ఇది రూపకం" అన్నడు. నేను ఆ రోజు దారం కత్తిరిచ్చిన ప్రతిసారి ఒకటి అనుకుంట కూసున్న. కమల నన్ను చూసి, "వదినెకు పిచ్చి లేసింది" అన్నది.

కమల ఉపమల రాణి. తక్కువ మాట్లాడ్తది గని మాట్లాడితే సారు కుర్చీ ముందటికి జరిగేది. ఒకసారి సారు 'కోపం' అని ఇచ్చిండు. లచ్చవ్వ అగ్గి అన్నది, సారు "చిందీ" అన్నడు. కమల తల ఎత్తకుంట, "మా ఆయన కోపం చాయ్ పొంగు లెక్క సారూ. ఊదితే తగ్గది. మంట తీస్తే అదే దిగుతది" అన్నది. సారు కండ్లల్ల నీళ్లొచ్చేటట్టు నవ్విండు. ఎనక నుంచెల్లి కమల వాళ్ల ఆయన డ్యూటీ దిగి వచ్చి నిలవడ్డడు, మేము చూడలే. "అయితే మంట ఎవరు పెడుతున్నరో కూడ చెప్పమను సారూ" అన్నడు. ఇగ ఆ రోజు దారాలు కత్తిరిచ్చుడు ఏం సాగలే.

ఉత్ప్రేక్ష నాకు తొందరగ పట్టువడలే. ఉపమకు దానికి తేడా ఏందని అడిగి అడిగి సారును సతాయిచ్చిన. ఒకరోజు పల్సానా దిక్కు మిల్లుల పొగ లేసి మబ్బుల కలిసింది. "మిల్లు మబ్బులను నేసి పంపుతున్నదో ఏమో అన్నట్టున్నది" అని నోటి నుంచెల్లి ఊకెనే వచ్చింది. సారు ఏలు పైకెత్తిండు. "గదే! ఉన్నదానితోని పోల్చుడు ఉపమ. గిట్ల జరుగుతున్నదేమో అని ఊహించుడు ఉత్ప్రేక్ష. వచ్చింది చూడు!" అని, ఆయనకు ఏదో లాటరీ తగిలినట్టు గల్లిల పొయ్యేటోళ్లకు కూడ చెప్పిండు. ఒక గుజరాతీ అక్క నిలవడి, "శూ థయు?" అని అడిగింది. ఏమైందని ఏం చెప్తం? "ఉత్ప్రేక్ష" అన్నది లచ్చవ్వ. ఆమె "అచ్ఛా" అని తల ఊపి పోయింది.

ఇంకొకటి, అనుప్రాస. మన గల్లి ఎనకనే సాంచెలు, పగలు రాత్రి ఖటక్ ఖటక్ ఖటక్. "ఒక్కటే హల్లు మల్ల మల్ల రావాలె. మీ ఇంటోళ్లు కరెంటు పెట్టి వృత్త్యనుప్రాస నడుపుతున్నరు, వాళ్లకే తెల్వదు" అనేటోడు సారు. మనం ఆ సప్పుడుల మాట్లాడుతం, ఆ సప్పుడుల నిద్ర పోతం. అది ఉన్నదని కూడ మర్చిపోయినం.

ఇగ నా మాటకు పేరు ఎట్ల వచ్చిందో చెప్త. ఒక ఆదివారం సారు మమ్ములను డుమస్ తీస్కపోయిండు. టమాట భజియలు తిన్నం. సముద్రం ముందట నిలవెట్టి, "చెప్పుండ్రి, సముద్రం ఎట్లున్నది?" అన్నడు. లచ్చవ్వ, "లోకంల ఉన్న అత్తలందరు కోడండ్ల మీద కోపంతోని బొబ్బ పెట్టినట్టు" అన్నది. కమల, "డైయింగ్ మిల్లుల రంగు కడిగి ఇడిసిన నీళ్ల లెక్క" అన్నది. నా వంతు వచ్చింది. నాకేం తోచలే. కండ్లకు ఏం కనవడ్తున్నదో అదే చెప్పిన. "నీళ్లు ఎనకకు పోయినయి సారూ. బురద నల్లగున్నది. చిన్న ఎండ్రికాయలు బొక్కలు చేసుకుంటున్నయి. గా పిల్ల చెప్పు బురదల ఇరికింది. వాళ్లమ్మ తిడుతున్నది గని నవ్వుతున్నది." వీళ్లిద్దరు పడి పడి నవ్విండ్రు. "గిదేం పోలికనే, ఇది పోలీసు పంచనామ" అన్నది లచ్చవ్వ. సారు నవ్వలే. ఆ పిల్ల దిక్కు చూసిండు. "గిది స్వభావోక్తి" అన్నడు. "ఉన్నదున్నట్టు చెప్పుడు. ఇది కూడ అలంకారమే. అన్నిట్ల కష్టమైంది ఇదే రాజవ్వా. నాకు రాదు" అన్నడు. పెద్ద సారు, గన్ని చదివినాయన, నాకు రాదు అన్నడని నాకు ఆ రోజు జర గర్వం, జర బుగులు.

నిజంగనే రాకపోయేది ఆయనకు. ఆయన సొంత ముచ్చట అడిగితే ఎన్నడు సీదా చెప్పలే. "పానం ఎట్లున్నది సారూ?" అంటే, "పాత సాంచె నడుమ నడుమ ఆగి నడుస్తది" అనేటోడు. "బిడ్డ మీద ధ్యాస కాదా?" అంటే, "అడ్డ దారం భీవండిల ఉన్నది, నిలువు దారం ఈడ ఉన్నది" అని నవ్వేటోడు. మేము ఇది రూపకమా, ఇంకోటా అని కొట్లాడుకుంట కూసునేటోళ్లం. కొట్లాట అయ్యేసరికి అడిగిన ముచ్చట మర్చిపోయేటోళ్లం.

అటెన్క కరోనా వచ్చింది. మొదటి లాక్‌డౌన్ పెట్టిన రోజు సాంచెలు బంద్ అయినయి. గల్లి గట్ల సప్పుడు లేకుంట నేను ఎన్నడు చూడలే. పసిపిల్లలు నిద్ర పోక ఏడ్చిండ్రు. చీరెల మూటలు వచ్చుడు బందయింది. పని లేక, కిరాయి కట్టలేక మనోళ్లు ఎవరికి దొరికిన బండిల వాళ్లు ఊరికి పోయిండ్రు. కమల వాళ్లు సిరిసిల్లకు పోయిండ్రు. పొయ్యేటప్పుడు మూతికి బట్ట కట్టుకొని గల్లి ఆ కొసకు నిలవడి చెయ్యి ఊపింది. దగ్గరికి పోయి పట్టుకుందామంటే మీ మామయ్య నన్ను గడప దాటనియ్యలే.

సారు ఊకోలే. ఫోన్ల మా నలుగురికి ఒక గ్రూపు చేసిండు. పొద్దుమీకి అయ్యిందంటే ఆయన గొంతు వచ్చేది. "ఇయ్యాల్టి మాట, తాళం." "ఇయ్యాల్టి మాట, సబ్బు." మేము గొంతు రికార్డు చేసి పంపేటోళ్లం. ఎదురింట్ల ఉన్న మనిషి మాట ఫోన్ల వినుడు ఏందో అనిపించేది. నేను అన్నం గిన్నె తీస్కపోయి ఆయన గడప కాడ పెట్టి ఎనకకు జరిగేదాన్ని. ఆయన తలుపు తీసి, తల ఊపి, గిన్నె లోపలికి తీసుకునేటోడు. "ఎదురెదురుంగ ఉన్న రెండు కొసలు, నడుమ దారం లేదు" అని ఒకసారి దూరం నుంచెల్లే అన్నడు.

గప్పుడే సునీత బండి పంపింది. పరిమిషన్ తీసుకొని, డ్రైవరును మాట్లాడి, భీవండి నుంచెల్లి. "నాయినా, ఇగ నువ్వు ఒక్కనివి ఉండవద్దు" అని ఫోన్ల ఏడ్చిందట. సారు సరే అన్నడు. బ్యాగు సదురుకున్నడు. నేను, లచ్చవ్వ మా మా తలుపుల కాడ నిలవడి చూసినం. సారు అర్రకు తాళం ఏసిండు. మా దిక్కు దండం పెట్టిండు. బండి గల్లిలకు రాదు, మూల మీద నిలిచింది. సారు బ్యాగు పట్టుకొని మెల్లగ మూల దాక పోయిండు. బండి తలుపు తీసిన సప్పుడు కూడ విన్నం. నేను లోపలికి మర్లి, కండ్లు తుడుసుకొని బియ్యం చాటల పోసుకున్న. జర సేపటికి లచ్చవ్వ ఒర్రింది. "రాజవ్వా! సారు మల్ల వస్తున్నడే!"

నిజంగనే. బ్యాగు పట్టుకొని, పోయినంత మెల్లగ వస్తున్నడు. బండి ఖాళీగ పోయింది. "ఏంది సారూ, ఏమన్న మర్చిపోయిండ్రా?" అన్నది లచ్చవ్వ. సారు తాళం తీసుకుంట, "కండె నిండ చుట్టినంక దారం కొస యాడున్నదో దొరకది లచ్చవ్వా" అన్నడు. లోపలికి పోయి తలుపు ఏసుకున్నడు. ఆ పొద్దుమీకి ఫోన్ల, "నేను చెప్పినదాంట్ల ఏ అలంకారం ఉన్నదో చెప్పుండ్రి" అని అడిగిండు. కమల సిరిసిల్ల నుంచెల్లి ఒకటన్నది, లచ్చవ్వ ఒకటన్నది. నాకైతే, ఇయ్యాల ఈ మనిషి మేం అడిగినదాని నుంచెల్లి తప్పిచ్చుకున్నడు అని మాత్రం తెలిసింది.

ఏడాది గడిచింది. సాంచెలు మల్ల నడిచినయి, మూటలు వచ్చినయి, ఇగ పోయింది కరోనా అనుకున్నం. రెండోసారి వచ్చింది చూడు, అది చెప్పరాదు. సారుకు దగ్గు పట్టింది. గల్లిల సగం ఇండ్లల్ల దగ్గే. ఆంబులెన్స్ మూల మీద ఆగింది. సారు తనకు తానే నడిచి పోయిండు. నేను కిటికీల నుంచెల్లి చూసిన. ఈసారి మర్లి రాలే.

దవాఖాన నుంచెల్లి ఫోన్ల ఒకటి రెండు మాటలు పంపేటోడు. ఒకరోజు పొద్దుమీకి గొంతు వచ్చింది. మాటకు మాటకు నడుమ ఎడం. "ఇయ్యాల్టి మాట... కిటికీ." లచ్చవ్వ ఏడుసుకుంటనే పంపింది. "నా ఇల్లంత కిటికీలే అయినయి సారూ, అన్ని మీ అర్ర దిక్కే తెరుసుకున్నయి." దానికి ఆయన, "అతిశయోక్తి... శభాష్" అన్నడు. కమల, "కిటికీ ఇంటికి ముక్కు లెక్క సారూ" అన్నది. ఆయన, ఆ గొంతుతోనే, "సమాన ధర్మం చెప్పు" అన్నడు. సారు గద, ఇడుస్తడా? కమల, "ఊపిరి" అన్నది. దానికి సారు కాడికెల్లి ఏం రాలే. నేను ఆ రోజు కిటికీకి ఏం చెప్పలే.

అటెన్క వచ్చింది లచ్చవ్వ ఫోనే.

ఆయనను మాకు చూపెట్టలే. ఎవరికీ చూపెట్టలే ఆ రోజుల్ల. మున్సిపాలిటోళ్లే తీస్కపోయిండ్రట. నలుగురు కూడి పాడె కట్టలే, డప్పు లేదు, గల్లి కొస దాక సాగనంపినోళ్లు లేరు. దినాల నాడు సమాజపోళ్లు ఫోన్ల మీటింగ్ పెట్టిండ్రు. మీ అత్తమ్మ ఫోను గోడకు ఆనిచ్చి నన్ను ముందట కూసుండవెట్టింది. చిన్న చిన్న డబ్బాలల్ల అందరి మొఖాలు. పెద్దమనుషులు మంచిగనే మాట్లాడిండ్రు. లచ్చవ్వ వంతు వచ్చింది. "సారు పోయినంక మా గల్లిల పొద్దే పొడుస్తలేదు" అన్నది. నడుమ ఎవరో, "అమ్మా, జర తక్కువ..." అన్నడు. లచ్చవ్వ, "ఇది అతిశయోక్తి. సారే నాకు ఇచ్చిండు. తక్కువ చేసి చెప్పుడు నాకు నేర్పలే" అని చీర కొంగు నోట్ల పెట్టుకున్నది. నన్ను మాట్లాడమన్నరు. నేను, "సారు చాయ్‌ల చక్కెర తక్కువ ఏసుకుంటుండె. కుడి చెవి జర వినవడకపోతుండె, ఎడమ చెవి మన దిక్కు తిప్పి వింటుండె. ఎవరు మాట్లాడినా మాట అయ్యేదాక నడుమల రాకపోతుండె" అన్న. గంతే వచ్చింది. సారూ, మీకు దండం పెట్టుటానికి నా కాడ ఉన్నయి గివే.

మల్ల ఇప్పుడు మూటలు వస్తున్నయి. లచ్చవ్వకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ రాదు. కమల సిరిసిల్లల్నే పని చూసుకున్నది, ఇగ వచ్చేటట్టు లేదు. నేను ఒక్కదాన్నే ఓట్ల మీద కూసుంట. ఎదురర్రల కొత్తోళ్లు దిగిండ్రు, ఒడిశా పిల్లలు, మంచోళ్లే. మొన్న వాన పడ్డది. తీగె మీద ఆరేసిన చీరె మీద చినుకులు పడుతుంటే నాకు ఒక పోలిక వచ్చింది. చిందీ కాదు, కొత్త తాకానే. ఎవరికి చెప్పాలె? మీ అత్తమ్మకు చెప్పిన. "హా అత్తమ్మా, బట్టలు లోపల ఏస్త" అని ఉరికింది. మంచి పిల్లనే. ఆ పోలిక మల్ల నాకే గుర్తు లేకుంట పోయింది. మనిషి పోతే ఏం పోతదంటే గిది పోతది బిడ్డా. చెప్పేటోళ్లు ఉంటరు, వినేటోడు పోతడు. ఇగ ఇంకో వీరేశం సారు యాడ దొరుకుతడు, ముసలోళ్ల కాడికి కుర్చీ గుంజుకొని వచ్చేటోడు?

అర్ర ఖాళీ చేయ వచ్చినప్పుడు సునీత మా ఇంటికి వచ్చింది. కడుపుల దుఃఖం, మొఖం మీద కోపం. నీళ్లిస్తే తాగలే. "చిన్నమ్మా, ఒక్కటి చెప్పు. కండ్లల్ల పెట్టుకొని చూసుకుందును. రమ్మని బతిమాలిన. బండి పంపిన. బండి దాక వచ్చి ఎనకకు పోయిండు. ఈడ ఏమున్నదని ఉన్నడు మా నాయిన?" అన్నది.

"మా కోసం" అందామంటే, మీ నాయినను మేమే పట్టుకొని పోగొట్టినం అని ఒప్పుకున్నట్టయితది. "మా కోసం కాదు" అందామంటే నాకే మనసొప్పలే. ఏం చెప్పాలె అక్షితా? ఆ పిల్ల కండ్లు తుడుసుకొని పోయింది. నాకు జవాబు ఎరుక లేదని ఆమెకు నమ్మిక కాలే.

ఎరుక లేదు బిడ్డా. ఎందుకంటే అదే ముచ్చట నేను కూడ అడిగిన. ఆ కిటికీ రోజు, అందరి మాటలు అయినంక, నేను గ్రూపుల కాకుంట ఆయన ఒక్కనికే పంపిన. ఆయన విన్నడో లేదో, వినే ఓపిక ఉండెనో లేదో, ఎవరిని అడిగి తెలుసుకోవాలె? నా గొంతు నా ఫోన్ల ఇంక గట్లనే ఉన్నది.

"సారూ, నేను రాజవ్వను. కిటికీకి నాకేం తోచలే. ఒక్క మాట అడుగుత, కోపానికి రావద్దు. పోలిక వద్దు, దారం వద్దు, కండె వద్దు. మీకు రాదన్నరు కద, ఈ ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. బిడ్డ బండి పంపిన్నాడు, మూల దాక పోయి, మీరు ఎందుకు మర్లి వచ్చిండ్రు?"